ఇంటి గుట్టు, న్యాయస్థానపు గడప

"ఇంటి గుట్టు లంకకు చేటు" అన్న సామెతను తెలుగువారికి పరిచయం చెయ్యనక్కరలేదు. "కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది" అన్నది దాని తోబుట్టువు. గడప లోపల జరిగినది గడప దాటరాదన్నదే రెండింటి సారాంశం. అయితే గడప దాటించమని ఆజ్ఞాపించేది ఇరుగుపొరుగు కాక సాక్షాత్తూ రాజ్యమే అయితే? ఒక తల్లిని సాక్షి బోనులో నిలబెట్టి, ప్రమాణం చేయించి, "ఆ రాత్రి నీ కొడుకు ఇంటికి ఎన్ని గంటలకు వచ్చాడు? బట్టల మీద నెత్తురున్నదా?" అని అడిగితే, "నేను చెప్పను" అనే హక్కు ఆమెకు ఉన్నదా?

మన దేశపు చట్టం ప్రకారం లేదు. చెప్పనంటే ఏడు రోజుల దాకా సాధారణ కారాగారం. అబద్ధం చెబితే కూటసాక్ష్యపు నేరం, దానికి శిక్ష ఏళ్ళలో ఉంటుంది. భార్యకు మాత్రం ఒక చిన్న వెసులుబాటు ఉన్నది. తల్లికి, తండ్రికి, బిడ్డకు, అన్నదమ్ములకు అదీ లేదు. ఈ తేడా ఎక్కడినుండి వచ్చింది, ఉండదగినదేనా అన్నది ఈ టపాలో నా ప్రశ్న. జవాబు కోసం చాలా దూరం వెనక్కి పోవాలి. అదృష్టవశాత్తూ ఆ దారి మా ఊరి పక్కనుండే పోతుంది.

* * *

మా తెలకపల్లి నాగర్‌కర్నూలు జిల్లాలో ఒక మండల కేంద్రం. ఒకవైపు నాగర్‌కర్నూలు, మరోవైపు నల్లమల అంచు. ఈ జిల్లాలోనే ఉన్న నంది వడ్డెమాను ఒకప్పటి వర్ధమానపురం, గోన వంశీయుల రాజధాని. ద్విపదలో రంగనాథ రామాయణం చెప్పిన గోన బుద్ధారెడ్డి, 13వ శతాబ్దివాడు, ఆ వంశం వాడే. సామెతలోని లంకను, విభీషణుణ్ణి తెలుగు ఇళ్ళలోకి తెచ్చిన తొలి రామాయణాలలో ఒకటి మా సీమలో పుట్టిందన్న మాట.

విభీషణుడు అన్నకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినవాడు. లంక బలమెంతో, ఇంద్రజిత్తు నికుంభిలా యాగం ఎందుకు చేస్తాడో, దాన్ని ఎప్పుడు భగ్నం చెయ్యాలో రాముడి పక్షానికి చెప్పినవాడు. ఆ మాటతో పోయిన ప్రాణం తన అన్న కొడుకుది. కుంభకర్ణుడు కూడా అన్న చేసినది తప్పని ముఖానే అన్నాడు. అని, అన్న పక్షానే నిలిచి చచ్చిపోయాడు. మన జనం విభీషణుణ్ణి భక్తుడని పూజిస్తూనే, ఇంటి గుట్టు చెప్పినవాడని సామెతలో ఇరికించారు. కుంభకర్ణుణ్ణి రాక్షసుడంటూనే అతని చావుకు అయ్యో అన్నారు. ఈ రెండు మనసులూ మనలో ఇప్పటికీ ఉన్నాయి.

ఒక్క విషయం మాత్రం గమనించాలి. విభీషణుణ్ణి ఎవరూ కట్టి తెచ్చి అడగలేదు. తానే వచ్చాడు, తానే చెప్పాడు. ఇష్టపడి చెప్పడం వేరు, చెప్పక తప్పని స్థితిలోకి నెట్టబడడం వేరు. ఈ వివాదమంతా ఆ రెండింటి మధ్య ఉన్నది.

* * *

వర్ధమానపురంలో గోనవారు రాకముందు ఈ ప్రాంతం కందూరు చోడులది. వారు కల్యాణి చాళుక్యుల సామంతులు. ఆ కల్యాణిలోనే, ఆరవ విక్రమాదిత్యుని కాలంలో (1076–1126), విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి 'మితాక్షర' వ్యాఖ్య రాశాడు. తరువాతి శతాబ్దంలో మూలఘటిక కేతన దాన్ని 'విజ్ఞానేశ్వరీయము'గా తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. సంస్కృతం రాని తెలుగువాడికి న్యాయశాస్త్రం తన భాషలో అందడం అప్పటినుండే అనవచ్చు.

యాజ్ఞవల్క్యుడు వ్యవహారాధ్యాయంలో ఒక నియమం చెప్పాడు. అన్నదమ్ములకు, భార్యాభర్తలకు, తండ్రీకొడుకులకు, ఆస్తి విభాగం కానంతవరకు, ఒకరికొకరు జామీను ఉండడం, అప్పు ఇచ్చిపుచ్చుకోవడం, సాక్ష్యం చెప్పడం లేవు. ఈ మూడింటినీ ఒకే ముడిలో కట్టడంలోనే అసలు రహస్యం ఉన్నది. ఉమ్మడి కుటుంబంలో సొమ్ము ఉమ్మడి కనుక ఒకరి లాభం మరొకరి లాభమే. అందుకే సాక్ష్యం చెల్లదు. మనువు కూడా వ్యాజ్యంలో స్వార్థం ఉన్నవారినీ, ఆప్తులనూ, సహాయులనూ, శత్రువులనూ సాక్షులుగా తీసుకోరాదన్నాడు.

ఇవి చదివి మన పూర్వులు రక్తబంధాన్ని గౌరవించి బంధువును బోనెక్కించలేదని కొందరు మురిసిపోతుంటారు. ఆ మురిపెం అతిశయమని నాకనిపిస్తుంది. ఈ నియమాల వెనుక ఉన్నది గౌరవం కన్న అపనమ్మకం. చుట్టం చుట్టం కోసం అబద్ధమాడతాడన్నది వారి భయం. చుట్టానికి వ్యతిరేకంగా నిజం చెప్పవలసివస్తే అతని గుండె ఏమవుతుందన్నది వారి చింత కాదు. దీనికి ఋజువు అదే శాస్త్రంలో ఉన్నది. తగిన సాక్షులు దొరకనప్పుడు స్త్రీ, బాలుడు, వృద్ధుడు, శిష్యుడు, బంధువు, దాసుడు, భృత్యుడు ఎవరైనా సాక్షి కావచ్చునని మనువే అన్నాడు. స్త్రీ సంగ్రహణం, దొంగతనం, పారుష్యం, సాహసం వంటి నేరాలలో ఎవరైనా సాక్షి కావచ్చునని యాజ్ఞవల్క్యుడన్నాడు. తెలిసి ఉండీ చెప్పనివాడికి కూటసాక్షితో సమానమైన పాపం, దండన అనికూడా అన్నాడు. అంటే బలవంతపు సాక్ష్యం మనకు కొత్త కాదు.

అయితే ఆ శాస్త్రంలోనే మరొక విచిత్రమైన కిటికీ ఉన్నది. నిజం చెబితే ఒక మనిషికి మరణదండన తప్పదనుకున్నప్పుడు సాక్షి అబద్ధం చెప్పవచ్చునట! ఆ తరువాత సరస్వతికి చరువు సమర్పించి ప్రాయశ్చిత్తం చేసుకోవాలట. దీన్ని న్యాయమనడం కష్టం. కానీ నోటి మాటతో ఒక ప్రాణం పోతుందంటే సాక్షికి కలిగే సంకటం ఒకటి ఉన్నదని ఆనాటి శాస్త్రకారులు గుర్తించారు. నేటి చట్టం ఆ సంకటాన్ని గుర్తించనట్టే నడుస్తుంది.

* * *

గోల్కొండ, ఆపైన నిజాముల పాలనలో మా సీమ కాజీల న్యాయాన్ని కూడా చూసింది. చుట్టూ వనపర్తి, గద్వాల, జటప్రోలు సంస్థానాలున్నా పై పాలన హైదరాబాదుదే. ఇస్లామీ ధర్మం ఈ ప్రశ్నను మరో కొసనుండి పట్టుకుంటుంది. ఖురాన్ నాలుగవ సూరా 135వ ఆయతు విశ్వాసులను న్యాయం పక్షాన నిలవమంటుంది, ఆ సాక్ష్యం తమకే వ్యతిరేకమైనా, తల్లిదండ్రులకూ దగ్గరి బంధువులకూ వ్యతిరేకమైనా సరే. హనఫీ న్యాయవేత్తలు దీన్ని చక్కగా రెండుగా విడదీశారు. తండ్రికి అనుకూలంగా కొడుకు, భర్తకు అనుకూలంగా భార్య చెప్పిన సాక్ష్యం చెల్లదు. వ్యతిరేకంగా చెప్పినది చెల్లుతుంది. ప్రేమ ఉన్న చోట అబద్ధానికి కారణం ఉన్నది, ప్రేమను కాదని చెప్పిన మాటలో నిజం ఉండే అవకాశం ఎక్కువ అన్నది దీని తర్కం. ధర్మశాస్త్రపు అపనమ్మకం ఇక్కడా ఉన్నది, కాకపోతే పదునెక్కినది.

ఇంగ్లండులో కథ వేరు. 1628లో ఎడ్వర్డ్ కోక్ భార్య భర్తకు అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ సాక్షి కాజాలదని రాశాడు. దంపతులు ఏకశరీరమన్నది కారణం. అదే ఏకశరీర సిద్ధాంతం భార్య ఆస్తిని భర్త ఆస్తి చేసింది, ఆమె పేరును అతని పేరులో కలిపేసింది. కనుక ఆ నియమాన్ని కూడా వట్టి ప్రేమ ఖాతాలో రాయనక్కరలేదు. 1853లో సివిలు వ్యాజ్యాలలో దంపతులకు సాక్ష్యార్హత ఇచ్చి, వారి మధ్య మాటలకు మాత్రం రక్షణ కల్పించారు. క్రిమినలు కేసుల్లో ముద్దాయి తరఫున సాక్ష్యం చెప్పడానికి భార్యకు సాధారణంగా అర్హత రావడానికి 1898 దాకా ఆగవలసివచ్చింది.

ఇండియాలో ఆ పని 1872లోనే అయిపోయింది. జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రాసిన సాక్ష్యాధార చట్టం 120వ సెక్షన్ భార్యాభర్తలను అన్ని కేసుల్లోనూ అర్హులైన సాక్షులను చేసింది. 122వ సెక్షన్ కాపురం నడిచిన కాలంలో ఒకరితో ఒకరు చెప్పుకున్న మాటలను బయటపెట్టమని బలవంతం చెయ్యరాదన్నది. చెప్పినవారి అనుమతి లేనిదే చెప్పనివ్వరాదని కూడా అన్నది. మినహాయింపులు రెండు: దంపతుల మధ్య వ్యాజ్యం, ఒకరిపై ఒకరు చేసిన నేరం. ఈ చట్టం తెలకపల్లి దాకా రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. హైదరాబాదు రాజ్యానికి తన చట్టాలు, తన ఉర్దూ న్యాయస్థానాలు ఉండేవి. 1951 ఏప్రిల్ 1న, పార్ట్ బి రాష్ట్రాల చట్టం ద్వారా, 1872 నాటి సాక్ష్యాధార చట్టం ఇక్కడికి అడుగుపెట్టింది. 2024 జూలై 1నుండి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం ఉన్నది. పాత 120 అందులో 126 అయింది, 122 కాస్తా 128 అయింది. సారం మారలేదు.

* * *

చట్టం పుస్తకంలో ఒకటి, కాపురంలో ఒకటి. భార్యాభర్తల మాట న్యాయస్థానంలో ఎంత బరువు తూగుతుందో చూపే కేసు ఒకటి తెలుగువారిలోనే జరిగింది. న్యాయశాస్త్ర విద్యార్థులందరికీ తెలిసిన పాకాల నారాయణస్వామి కేసు అది. అతడు పిఠాపురం దివాను అల్లుడు, కాపురం బరంపురంలో. డబ్బు ఇబ్బందుల్లో ఉన్న రోజుల్లో, 1936లో, అతని భార్య దివాను దగ్గర పనిచేసే ఒక ప్యూను వద్ద మొత్తం 3,000 రూపాయల దాకా నూటికి 18 వడ్డీకి అప్పు తెచ్చింది. 1937 మార్చి 20న ఆ ప్యూనుకు ఒక ఉత్తరం వచ్చింది. మర్నాడు అతడు బయలుదేరాడు. 23న పూరీ స్టేషనులో మూడవ తరగతి పెట్టెలో ఒక ఇనుప ట్రంకులో అతని శవం ఏడు ముక్కలుగా దొరికింది.

ఎక్కడికి పోతున్నాడో, ఎందుకు పోతున్నాడో అతడు చెప్పింది ఒక్కరితోనే, తన భార్యతో. నారాయణస్వామి భార్య బాకీ తీరుస్తాను రమ్మని రాసింది, బరంపురం పోతున్నాను అన్నాడు. ఆ మాటను విధవ కోర్టులో చెప్పింది. ఆ మాట చెల్లుతుందా అన్న వాదం లండనులోని ప్రీవీ కౌన్సిలు దాకా పోయింది. 1939లో లార్డ్ అట్కిన్ చెల్లుతుందన్నాడు. చావుకు దారితీసిన పరిస్థితులను గురించి చనిపోయినవాడు అన్న మాట, చావు భయంతో అనకపోయినా, సాక్ష్యమేనన్నాడు. ఉరిశిక్ష నిలిచింది.

ఈ కేసులో ఇద్దరు భార్యలున్నారు. ఒకామె భర్త చెవిలో వేసిన మాటను బయటపెట్టి అతని చావుకు న్యాయం అడిగింది. రెండవ ఆమె భర్త పక్కనే ముద్దాయిగా నిలబడింది, సెషన్సు కోర్టు ఆమెను విడిచిపెట్టింది. ముద్దాయి కనుక ఆమెను ఎవరూ ప్రశ్నించి చెప్పించలేరు. ఒకవేళ ఆమెను ముద్దాయిగా కాక సాక్షిగా పిలిచి ఉంటే? భర్త ఆమెతో అన్న మాటలకు 122 అడ్డుపడేది. ఆమె కళ్ళతో చూసినవాటికి మాత్రం కాదు.

ఈ మాటకూ చూపుకూ తేడాను సుప్రీంకోర్టు 1954లో రాంభరోసే కేసులో తేల్చి చెప్పింది. తెల్లవారుజామున భర్త కప్పుమీదినుండి దిగడం, కొట్టంలోకి పోవడం, స్నానం చెయ్యడం భార్య చూసింది. అది చెప్పవచ్చు. నగలను గురించి అతడు ఆమెతో ఏమన్నాడో అది చెప్పరాదు. తర్కానికి ఇది బాగానే ఉన్నది. కానీ కాపురం చేసినవారికి తెలుసు, ఇంట్లో సగం మాటలు నోటితో కావు. చేతులు కడుక్కున్న తీరు, అన్నం ముందు కూర్చుని లేచిపోయిన తీరు, అవీ మాటలే. చట్టం చెవికి తాళం వేసి కంటిని తెరిచి ఉంచింది.

ఇక తాళం వేసిన చెవి సంగతి. 2008లో అచ్చయిన ఒక తీర్పులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, విడాకుల కేసులో ఒక భర్త తన భార్య తల్లిదండ్రులతోనూ స్నేహితులతోనూ ఫోనులో మాట్లాడిన మాటలను ఆమెకు తెలియకుండా రికార్డు చేసి తెస్తే, అది ఆమె ఏకాంతాన్ని భంగపరచడమేనని, ఆ రికార్డు పనికిరాదని అన్నది. 2025 జూలై 14న, పంజాబునుండి వచ్చిన మరో విడాకుల కేసులో, సుప్రీంకోర్టు వేరు దారి పట్టింది. దంపతుల మధ్య వ్యాజ్యంలో రహస్యంగా రికార్డు చేసిన వారి సంభాషణలు సాక్ష్యంగా చెల్లుతాయన్నది. ఒకరిమీద ఒకరు నిఘా పెట్టుకునే దశకు వచ్చారంటేనే ఆ కాపురంలో నమ్మకం పోయిందని అర్థం, ఇంకా కాపాడేందుకు ఏమున్నదన్నది ధర్మాసనపు ఆలోచన. వాదంలో బలం లేకపోలేదు. కానీ నమ్మకం చచ్చాక చేసిన నిఘా ఉన్నట్టే, నమ్మకాన్ని చంపిన నిఘా కూడా ఉంటుంది. జేబులో టెలిఫోను ఉన్న ఈ కాలంలో రెండవదే ఎక్కువేమోనని నా భయం.

* * *

ఇంతవరకూ చెప్పినదంతా భార్యాభర్తల గొడవే. తల్లి ఏదీ? చట్టంలో తల్లి లేదు. భారతీయ శిక్షాస్మృతి 212వ సెక్షన్, ఇప్పటి న్యాయ సంహితలో 249, నేరస్థుడికి ఆశ్రయమిచ్చేవారిని శిక్షిస్తుంది. ఆశ్రయమిచ్చింది భార్యో భర్తో అయితే శిక్ష లేదని మినహాయింపు కూడా ఇస్తుంది. ఆ మినహాయింపు తల్లికి వర్తించదు. హత్య వంటి నేరాలు జరిగినట్టు తెలిస్తే పోలీసులకు చెప్పవలసిన బాధ్యతను ప్రతి మనిషిమీదా పెట్టే నిబంధన కూడా ఉన్నది (పాత 39, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 33). సహేతుకమైన కారణం ఉంటే తప్ప చెప్పకపోవడం కుదరదు. కన్నతల్లి కావడం సహేతుకమైన కారణమని అక్కడ రాసిలేదు.

దీన్ని నల్లమల అంచున కూర్చుని చదివితే అర్థం మారిపోతుంది. నక్సలైటు ఉద్యమం అడవిలో ఉన్న దశాబ్దాలలో ఈ పల్లెలలో ఎందరి కొడుకులో, కూతుళ్ళో ఇల్లు విడిచిపోయారు. అర్ధరాత్రి తలుపు తట్టిన కొడుక్కి అన్నం పెట్టిన తల్లి నేరస్థురాలు. అదే అన్నం కోడలు పెడితే కాదు. ఇద్దరిదీ ఒకే వంటిల్లు, ఒకే కుండ! విలాయతీ ఏకశరీర సిద్ధాంతం తాళి కట్టిన బంధాన్ని చూసింది, బొడ్డుతాడు బంధాన్ని చూడలేదు. మన కుటుంబాన్ని ఎరిగినవారు రాసిన గీత కాదిది.

అయితే అవతలి ఒడ్డున కూడా ఒక నిజం నిలబడి ఉన్నది, దాన్ని దాచడం అన్యాయం. "ఇంటి గుట్టు" అన్న మాట ఈ దేశంలో ఎక్కువగా ఎవరి నోరు మూసింది? దెబ్బలు తిన్న ఇల్లాలిది. కిరోసిను వాసన గడప దాటకుండా ఎన్ని ఇళ్ళు గుట్టుగా ఉన్నాయి! నాలుగు గోడల మధ్య జరిగిన హత్యకు ఇంటివారు తప్ప సాక్షులు ఎక్కడినుండి వస్తారు? 2025 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్ కేసు ఒకదానిలో, తల్లిని తండ్రి చంపడం చూసిన ఏడేళ్ళ కూతురి సాక్ష్యాన్ని సుప్రీంకోర్టు నమ్మి, హైకోర్టు విడిచిపెట్టిన తండ్రికి శిక్షను నిలిపింది. ఆ బిడ్డ నోటికి బంధుత్వం పేరుతో తాళం వేసి ఉంటే చనిపోయిన తల్లి పక్షాన మాట్లాడేందుకు ఎవరూ మిగిలేవారు కారు.

మరి ఈ రెండు నిజాలకూ చోటిచ్చే చట్టం సాధ్యమేనా? సాధ్యమేనని ఇతర దేశాలు చూపిస్తున్నాయి. జర్మనీలో ముద్దాయి తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, చివరకు పెళ్ళి నిశ్చయమైనవారు కూడా సాక్ష్యం చెప్పననవచ్చు. చెప్పదలిస్తే ఆపేవారు లేరు. తండ్రి తప్పును కొడుకు, కొడుకు తప్పును తండ్రి కప్పిపుచ్చడంలోనే ఋజుత్వం ఉన్నదని కన్ఫ్యూషియస్ అన్న చైనాలో, విప్లవాలన్నీ దాటి వచ్చాక, 2012 సవరణలో ముద్దాయి భార్యాభర్తలను, తల్లిదండ్రులను, పిల్లలను కోర్టుకు బలవంతంగా రప్పించరాదని రాసుకున్నారు. ఆస్ట్రేలియా 1995 చట్టంలో తల్లి, తండ్రి, బిడ్డ, జీవిత భాగస్వామి అభ్యంతరం చెప్పవచ్చు. ఆ సాక్ష్యం వల్ల బంధానికి కలిగే హాని ఎంత, న్యాయానికి దాని అవసరం ఎంత అని న్యాయమూర్తి తూచి చూస్తాడు. ఇంగ్లండులో భర్త కొట్టిన కేసులో కూడా భార్యను బలవంతం చెయ్యరాదని 1978లో తీర్పు వస్తే, 1984లో పార్లమెంటు చట్టం చేసి, భార్యపైనో పిల్లలపైనో దౌర్జన్యం జరిగిన కేసుల్లో ఆ మినహాయింపును తీసేసింది.

వీటినన్నిటినీ చూశాక నాకు తోచినది ఇది. నోరు తెరిచే హక్కును ఏ బంధువుకూ కాదనరాదు, విభీషణుడికైనా, ఏడేళ్ళ పిల్లకైనా. నోరు మూసుకునే హక్కును భార్యాభర్తలతో ఆపక తల్లిదండ్రులకూ బిడ్డలకూ ఇవ్వాలి. దెబ్బ తిన్నది ఆ ఇంటి మనిషే అయినప్పుడు మాత్రం ఆ మౌనానికి రక్షణ ఉండరాదు, ఎందుకంటే అక్కడ గుట్టు కాపాడేది బంధాన్ని కాదు, కొట్టినవాణ్ణి. ఇక అన్నం పెట్టిన తల్లిని కోడలి పక్కన నిలబెట్టి చూసే ఒక చిన్న సవరణ, ఆశ్రయపు సెక్షన్‌లో, ఎప్పుడో రావలసినది.

దీనివల్ల కొందరు దోషులు తప్పించుకోరా అని అడగవచ్చు. తప్పించుకుంటారు. కానీ ఇప్పుడు జరుగుతున్నదేమిటి? సాక్షిగా వచ్చిన చుట్టం పోలీసులకు చెప్పినదాన్ని కోర్టులో కాదంటాడు, ప్రాసిక్యూటరు అతణ్ణి 'హాస్టయిల్' అని ప్రకటిస్తాడు, కేసు అలాగే పోతుంది. దోషీ తప్పించుకుంటాడు, దేవుడిమీద ప్రమాణం చేసి అబద్ధమాడిన తల్లీ మిగులుతుంది. ఒక రాజ్యం తన పౌరులను నిజం చెప్పమని అడగవచ్చు. తప్పక అబద్ధమాడే చోట వారిని నిలబెట్టి, ఆ అబద్ధాన్ని రోజూ వింటూ దాన్ని న్యాయవిచారణ అనుకోవడం ఆ రాజ్యానికే మంచిది కాదు.

మిత్రులలో న్యాయవాద వృత్తిలో ఉన్నవారు, ఇతర సీమలవారు ఈ విషయమై తమ ప్రాంతపు పంచాయితీలలో బంధువుల సాక్ష్యాన్ని ఎలా చూసేవారో రాయగలిగితే సంతోషిస్తాను. సామెతలు అందరికీ ఒకటే అయినా, వాటిని తీర్పులలో వాడిన తీరు ఊరూరికీ వేరుగా ఉండి ఉంటుంది.